తాళం వేసిన కారులో కరెంటు ఎటు పోతోంది?

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు 21 రోజులన్నారు. తర్వాత మే 3 వరకు పొడిగించారు. అక్కడికే 40 రోజులు. అన్నాళ్లూ అపార్ట్‌మెంట్ సెల్లార్లలో కదలకుండా నిలబడిపోయిన కార్లు ఎన్నో, తీరా బయటికి తీద్దామనుకున్న రోజున సెల్ఫ్ తీసుకోలేదు. బ్యాటరీ పోయిందనుకుని కొత్తది కొనేసినవాళ్లు ఉన్నారు. కానీ సెల్ఫ్ తీసుకోని ప్రతి కారుకూ జబ్బు ఉన్నట్టు కాదు. ఒక చిన్న లెక్క వేస్తే ఆ సంగతి తెలిసిపోతుంది.

చిన్న కార్లలో సాధారణంగా ఉండేది 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ. అంటే కొత్తగా ఉన్నప్పుడు 20 గంటలపాటు 1.75 ఆంపియర్ల చొప్పున ఇవ్వగలదు. కారు ఆపి, తాళం వేసి వెళ్లిపోయినా అందులో కొన్ని భాగాలు మేలుకునే ఉంటాయి. రిమోట్ సిగ్నల్ కోసం ఎదురుచూసే రిసీవర్, దొంగల అలారం, గడియారం, ఇంజిన్ కంప్యూటర్ జ్ఞాపకాలు, కొత్త కార్లలోనైతే ఫోన్‌తో మాట్లాడే సిమ్ కార్డు పెట్టె. ఇవన్నీ కలిసి 30 మిల్లీఆంపియర్లు వాడుకుంటున్నాయనుకుందాం. అది పూర్తిగా ఆరోగ్యంగా ఉన్న కారు లెక్కే. 0.03 ఆంపియర్లు, 24 గంటలు: రోజుకు 0.72 ఆంపియర్-అవర్లు. 40 రోజులకు 28.8. 35లోంచి 28.8 పోతే మిగిలింది 6. దాంతో ఇంజిన్ తిరగదు.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటూ ఏటా సెలవులకు ఐదారు వారాలు హైదరాబాద్‌కో విజయవాడకో వచ్చి వెళ్లే మనవాళ్లకూ ఇదే లెక్క వర్తిస్తుంది. ఇంటికి తిరిగి వెళ్లిన మర్నాడు గరాజ్‌లో ఉన్న కారు కదలకపోతే, ముందు వేయాల్సింది ఈ గుణకారం. మెకానిక్‌కు ఫోన్ ఆ తర్వాత చేయవచ్చు.

కారు కరెంటు సమస్యల్లో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఏమిటంటే, కొలవకుండానే భాగాలు మార్చేయడం. ముందు బ్యాటరీ మారుస్తారు. నెలకు మళ్లీ అదే కథ. ఆ తర్వాత ఆల్టర్నేటర్, ఆ తర్వాత సెల్ఫ్ మోటారు. చివరికి చూస్తే డిక్కీలో ఆరని 5 వాట్ల బల్బు. ఐదారు వందల రూపాయలకు దొరికే మల్టీమీటర్‌ను అరగంట వాడివుంటే ఆ వేల రూపాయలు మిగిలేవి. అంకె ఒకటి చేతిలో లేకుండా ఈ విషయంలో ఎవరి మాటా నమ్మొద్దని నా గట్టి అభిప్రాయం. ఆ మాట అనేది ఎంత అనుభవం ఉన్న మెకానిక్ అయినా సరే.

యాభై దాటితే అనుమానం

ఎంత వాడకం మామూలు, ఎంత జబ్బు? పరిశ్రమలో చాలాకాలంగా చెలామణిలో ఉన్న గీత 50 మిల్లీఆంపియర్లు. కారులోని కంప్యూటర్లన్నీ నిద్రపోయాక అంతకంటే తక్కువ చూపిస్తే దిగులు అక్కర్లేదు. చాలా కార్లు 20 నుంచి 40 మధ్య ఉంటాయి. ఖరీదైన కార్లలో, ఎలక్ట్రానిక్స్ ఎక్కువ ఉన్నవాటిలో కొంచెం పైన కూడా ఉండవచ్చు. ఆ కారు సర్వీస్ మాన్యువల్‌లో రాసిన అంకే చివరి మాట.

ఆ గీత ఎందుకంటే, బ్యాటరీ సగానికి దిగేసరికి సెల్ఫ్ తీసుకోవడం అనుమానంలో పడుతుంది. 35 ఆంపియర్-అవర్లలో సగం 17.5. నిద్రలో 20 మిల్లీఆంపియర్లు వాడే కారు ఆ సగానికి చేరడానికి 36 రోజులు పడుతుంది. 50 వాడితే రెండు వారాలు. 300 వాడితే రెండున్నర రోజులు కూడా పట్టదు. శుక్రవారం సాయంత్రం ఆపిన కారు సోమవారం పొద్దున ఆఫీసు వేళకు మొరాయిస్తుంది. డిక్కీ బల్బు 5 వాట్లు అంటే 0.4 ఆంపియర్ల పైన, రోజుకు పది ఆంపియర్-అవర్లు. రెండు హెడ్‌లైట్లూ వెలిగించి మరిచిపోతే 110 వాట్లు, అంటే తొమ్మిది ఆంపియర్లు. రెండు గంటల్లో సగం బ్యాటరీ ఖాళీ. ఇవన్నీ కొత్త బ్యాటరీ లెక్కలు. మూడేళ్లు ఎండలో వాడిన బ్యాటరీ మీద 35 అని రాసి ఉన్నా లోపల 25 కూడా ఉండకపోవచ్చు. అప్పుడు రోజులన్నీ ఆ మేరకు కుదించుకోవాలి.

సెల్ఫ్ కొట్టడానికే బ్యాటరీ ఎక్కువ ఖర్చవుతుందని చాలామంది అనుకుంటారు. చిన్న పెట్రోలు ఇంజిన్‌ను తిప్పడానికి సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్ల దాకా లాగుతుంది, నిజమే. కానీ లాగేది మూడు సెకన్లు. 150ని 3తో గుణించి 3,600తో భాగిస్తే 0.125 ఆంపియర్-అవర్లు. రోజంతా 50 మిల్లీఆంపియర్ల చొప్పున పోయేది 1.2. అంటే ఒకసారి స్టార్ట్ చేయడానికి అయ్యే ఖర్చుకు దాదాపు పదింతలు, కారు ఊరికే నిలబడి ఒక్క రోజులో ఖర్చు పెడుతోంది. చుక్క చుక్కగా కారే కుళాయి తెల్లారేసరికి బకెట్ నింపినట్టే ఇది కూడా.

ఇప్పుడు దీని పక్కన వాడకం లెక్క పెడదాం. వారానికి రెండుసార్లు, పావుగంట చొప్పున కూరగాయలకో గుడికో మాత్రమే తీసే కారు ఉందనుకోండి. ఆ పావుగంటలో ఏసీ ఫ్యాను, లైట్లు, మ్యూజిక్ పోగా బ్యాటరీలోకి సగటున 5 ఆంపియర్లు వెళ్లాయనుకుంటే దక్కేది 1.25 ఆంపియర్-అవర్లు. రెండుసార్లకు 2.5. వారంలో నిలబడి పోగొట్టుకునేది 8.4. వారానికి లోటు 5.9, మూడు వారాలకు 17.7. బ్యాటరీ సగానికి వచ్చేసింది. కారులో లోపం లేదు, ఆల్టర్నేటర్‌లో లోపం లేదు, వాడకమే చాలడం లేదు. పెద్దవాళ్లు మాత్రమే ఉండే ఇళ్లలో రెండేళ్లకో బ్యాటరీ మారుతోందంటే ఎక్కువసార్లు ఇదే కారణం. వారానికోసారి ముప్పావుగంట రింగ్ రోడ్డు మీద తిప్పి తీసుకురావడం, లేదా నెలకోసారి రాత్రంతా స్లో ఛార్జింగ్ పెట్టడం, ఈ రెంటిలో ఏదో ఒకటి చేస్తే చాలు.

మూడు వోల్టేజీలు

బ్యాటరీ లోపల ఆరు గదులు ఉంటాయి, ఒక్కోదానిలో సుమారు 2.1 వోల్టులు. నిండుగా ఉన్నప్పుడు కొలిస్తే 12.6 లేదా 12.7. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతే ఉన్నట్టు. మొత్తం కథ అర వోల్టులోనే నడుస్తుంది కాబట్టి మీటరులో దశాంశం తర్వాత రెండంకెలు కనిపించాలి. ఎంత ఛార్జింగ్ పెట్టినా 10.5 దగ్గరే ఆగిపోతుంటే ఆరింటిలో ఒక గది పోయినట్టు. ఆ బ్యాటరీకి మందు లేదు.

కారు ఆపిన వెంటనే కొలిస్తే మాత్రం అంకె మోసం చేస్తుంది. ఛార్జింగ్ తాలూకు పైపై వోల్టేజీ కొన్ని గంటలు నిలబడుతుంది. పొద్దున్నే, తలుపు తీయకముందే, బానెట్ మాత్రం ఎత్తి కొలిస్తే అది నమ్మదగిన అంకె. ఆ వీలు లేకపోతే హెడ్‌లైట్లు ఒకటి రెండు నిమిషాలు వెలిగించి ఆర్పి, కాసేపు ఆగి చూడాలి.

రెండో వోల్టేజీ సెల్ఫ్ కొడుతున్నప్పుడు చూసేది. ఎవరినైనా తాళం తిప్పమని మీరు మీటరు మీద కన్నేయండి. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ 10 పైనే నిలబడుతుంది. 12.6 చూపించిన బ్యాటరీ సెల్ఫ్ కొట్టగానే 8కి, 7కి జారిపోతే దానిలో వోల్టేజీ ఉంది గానీ బలం లేదు. దుకాణాల్లో చేసే లోడ్ టెస్టులో పాత కొలమానం ఇది: బ్యాటరీ మీద రాసిన కోల్డ్ క్రాంకింగ్ ఆంపియర్లలో సగం 15 సెకన్లు లాగినా, 21 డిగ్రీల దగ్గర 9.6 కంటే కిందికి దిగకూడదు.

మూడోది ఇంజిన్ నడుస్తున్నప్పుడు. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే, మెకానిక్‌లు డైనమో అని పిలిచే ఆల్టర్నేటర్ పని చేస్తున్నట్టు. 12.6కి అటూ ఇటూ అయితే ఛార్జింగ్ ఎక్కడం లేదు. 15 దాటి అక్కడే నిలబడితే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీలో నీళ్లు మరుగుతాయి. కొత్త కార్లలో ఇక్కడొక మెలిక ఉంది. ఇంధనం ఆదా చేయడానికి కంప్యూటరే ఆల్టర్నేటర్‌ను అదుపు చేస్తుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు 12.6 దాకా తగ్గించి, బ్రేక్ వేసినప్పుడు 15 దాకా పెంచుతుంది. నెగటివ్ టెర్మినల్ మీద చిన్న నల్ల పెట్టెలాంటి సెన్సర్ ఉంటే అది ఆ రకం కారు. అందులో ఒక్కసారి 12.8 చూసి డైనమో మార్చాలనడం తొందరపాటు. హెడ్‌లైట్లు, ఏసీ, వెనక అద్దం హీటర్ అన్నీ వేసి, కొన్ని నిమిషాలు చూసి అప్పుడు తేల్చాలి.

ఎండ గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. చలి దేశాల్లో బ్యాటరీ చలికాలంలో మొరాయిస్తుంది. మన దగ్గర దాని ఆయుష్షు తినేది ఎండ. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే లోపలి రసాయన చర్యలు సుమారు రెండింతలవుతాయి. 25 డిగ్రీల దగ్గర ఊరికే ఉన్న బ్యాటరీ నెలకు మూడు నుంచి ఐదు శాతం తనంతట తానే కోల్పోతే, 45 డిగ్రీల దగ్గర దానికి నాలుగింతలు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో బయట ఆపిన కారు బానెట్ కింద వేడి ఇంకా ఎక్కువ. నీడలో ఆపడం వల్ల మిగిలే డబ్బు ఎవరూ లెక్కేయరు గానీ అది నిజంగా మిగిలే డబ్బు. ఇంకొకటి, 12.4 కంటే దిగువన వారాలపాటు వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా పాత సామర్థ్యం రాదు. పూర్తిగా డౌన్ అయిన బ్యాటరీని జంప్ స్టార్ట్ చేసి పది నిమిషాలు తిప్పి వదిలేస్తే జరిగేది అదే. చివరి 20 శాతం నిండడానికి గంటలు పడుతుంది, పది నిమిషాల తిరుగుడు అందుకు ఏ మూలకూ చాలదు.

నిద్రపోయే దాకా ఆగడం

ఇక అసలు పని, లీకేజీ కొలవడం. ఇది ఓపికతో చేస్తే కష్టం కాదు. తొందరపడితే మాత్రం లేని జబ్బు కనిపిస్తుంది. ఎందుకంటే ఇప్పటి కారు తాళం వేయగానే నిద్రపోదు. తలుపు తీసినప్పుడు అన్ని కంప్యూటర్లూ లేచి కొన్ని ఆంపియర్లు లాగుతాయి. తాళం వేశాక ఒక్కొక్కటే పడుకుంటూ వస్తాయి. మొదటి నిమిషంలో ఆంపియర్ పైన, ఐదు నిమిషాలకు కొన్ని వందల మిల్లీఆంపియర్లు, ఇరవై నిమిషాల నుంచి గంట లోపు అసలు అంకె. రెండో నిమిషంలో 600 చూసి షార్ట్ ఉందని తేల్చేసి వైరింగ్ మొత్తం విప్పిన సందర్భాలు వర్క్‌షాపుల్లో తక్కువేమీ కాదు.

ముందుగా బానెట్ ఎత్తిపెట్టాలి. కొలుస్తూ ఫ్యూజ్ పెట్టె చూడాల్సి ఉంటుంది కాబట్టి డ్రైవర్ తలుపు కూడా తెరిచే ఉంచి, దాని లాక్‌ను స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసినట్టు భ్రమపెట్టాలి. బానెట్ లాక్‌కూ స్విచ్ ఉంటే దానికీ అదే పద్ధతి. స్మార్ట్ కీ ఉన్న కారైతే తాళంచెవిని పది మీటర్ల అవతల పెట్టి రావాలి. అది జేబులో ఉన్నంతసేపూ కారు దాన్ని పలకరిస్తూనే ఉంటుంది, నిద్రపోదు.

డీసీ మిల్లీఆంపియర్లు చదవగలిగే క్లాంప్ మీటర్ ఉంటే నెగటివ్ కేబుల్ చుట్టూ తగిలిస్తే సరిపోతుంది, ఏదీ విప్పనక్కర్లేదు. చవక క్లాంప్ మీటర్లు ఏసీ మాత్రమే చదువుతాయి, కొనేముందు చూసుకోవాలి. మామూలు మల్టీమీటర్ అయితే వైరును 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి, ఒక మొన నెగటివ్ టెర్మినల్ మీద, ఇంకో మొన కేబుల్ చివర మీద ఆన్చి ఉంచే కేబుల్‌ను మెల్లగా పైకి లాగాలి. కరెంటు ఒక్క క్షణం కూడా తెగకుండా మీటరు గుండా మళ్లుతుంది. తెగితే కంప్యూటర్లన్నీ మళ్లీ మొదటినుంచి లేస్తాయి. కొన్నిసార్లు తప్పు చేస్తున్న భాగం రీసెట్ అయి, వెతుకుతున్న లీకేజీయే మాయమైపోతుంది. మీటరు ఇలా ఉన్నప్పుడు పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు, ఇగ్నిషన్ వేయకూడదు. 150 ఆంపియర్లు 10 ఆంపియర్ల మీటరు గుండా పోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అంకె నిలబడ్డాక 280 మిల్లీఆంపియర్లు చూపించిందనుకుందాం. ఇప్పుడు అది ఏ దారిలో పోతోందో చూడాలి. ఒక్కో ఫ్యూజ్ పీకి అంకె పడిపోతుందేమో చూడటం పాత పద్ధతి. పాత కార్లకు సరిపోయింది. ఇప్పటి కార్లలో ఫ్యూజ్ పీకి తిరిగి పెడితే నిద్రపోయినవన్నీ లేచి, మళ్లీ అరగంట ఆగాల్సి వస్తుంది. అందుకే ఫ్యూజ్ కదపకుండా, దాని నెత్తిమీద కనిపించే రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు కొలుస్తారు. ఫ్యూజ్‌కు కూడా కాస్త నిరోధం ఉంటుంది. ఎర్రరంగు 10 ఆంపియర్ల ఫ్యూజ్‌కు సుమారు 7.5 మిల్లీఓమ్‌లు. దాని మీద 1.9 మిల్లీవోల్టులు కనిపిస్తే 1.9ని 7.5తో భాగించాలి. 0.25 ఆంపియర్లు. 280లో 250 ఎక్కడ పోతోందో దొరికింది. సున్నా చూపించిన ఫ్యూజ్ వెనక ఏదీ మేలుకుని లేదు. పెద్ద ఫ్యూజులతో జాగ్రత్తగా ఉండాలి. ఆకుపచ్చ 30 ఆంపియర్ల ఫ్యూజ్ నిరోధం రెండు మిల్లీఓమ్‌ల లోపే కాబట్టి, 0.1 మిల్లీవోల్టు వరకే చదివే మీటరుకు అందులో 50 మిల్లీఆంపియర్ల లోపు లీకేజీ కనిపించదు.

ఫ్యూజ్ దొరికాక దాని మీద ఏమేం ఉన్నాయో ఫ్యూజ్ పెట్టె మూతమీదో మాన్యువల్‌లోనో చూసి, ఒక్కొక్కటే కనెక్టర్ పీకుతూ పోవాలి. ఎక్కువగా దొరికేవి కొన్నే: గ్లవ్ బాక్స్ బల్బు, డిక్కీ బల్బు, అతుక్కుపోయిన రిలే, లోపల స్విచ్ అరిగి తలుపు ఇంకా తెరిచే ఉందని చెబుతున్న డోర్ లాక్, బయట బిగించిన మ్యూజిక్ సిస్టమ్. ఈ చివరిది చాలా సాధారణం. ఆ సిస్టమ్‌కు రెండు పవర్ వైర్లుంటాయి. ఒకటి ఎప్పుడూ కరెంటు ఉండేది, జ్ఞాపకం కోసం. ఇంకొకటి తాళం తిప్పినప్పుడే రావాలి. సులువని రెండూ కలిపి చుట్టేస్తే సిస్టమ్ ఎప్పటికీ పూర్తిగా ఆగదు.

ఫ్యూజులన్నీ శుభ్రంగా ఉండి లీకేజీ మాత్రం ఉంటే ఆల్టర్నేటర్‌ను అనుమానించాలి. దాని లావు కేబుల్ చిన్న ఫ్యూజుల గుండా పోదు. లోపల ఏసీని డీసీగా మార్చే డయోడ్లలో ఒకటి పాడైతే కరెంటు వెనక్కి కారుతుంది, ఒక్క రాత్రిలో బ్యాటరీ పడుకుంటుంది. పగలు నడుస్తున్నప్పుడు మాత్రం ఛార్జింగ్ 14 అని చూపించి బాగానే ఉన్నట్టు నటిస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి బ్యాటరీ మీద కొలిస్తే, అర వోల్టు దాటితే డయోడ్ పోయినట్టే.

రిపేరు చేశాక మళ్లీ అదే పద్ధతిలో, అంతే సేపు ఆగి కొలవాలి. 280 ఉన్నది 30కి వచ్చిందా? వస్తే ఆ అంకెను, తేదీని సర్వీస్ పుస్తకంలో రాసి పెట్టుకోండి. మళ్లీ ఏడాది తర్వాత అనుమానం వచ్చినప్పుడు పోల్చుకోవడానికి మీ కారు సొంత అంకె మీ దగ్గరుంటుంది.

ఎర్త్, చిలుం, దయ్యాలు

హారన్ కొడితే వైపర్లు ఊగడం, ఎడమ ఇండికేటర్ వేస్తే హెడ్‌లైట్ మసకబారడం, డాష్‌బోర్డ్ మీద ఒకేసారి ఏబీఎస్, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్ దీపాలు వెలగడం. ఇలాంటి వాటిని చూసి కారుకు దయ్యం పట్టిందంటారు. పది భాగాలు ఒకే రోజు పాడవవు. పదీ కలిసే చోటు ఒకటి పాడవుతుంది. చాలాసార్లు అది ఎర్త్.

లెక్క చాలా చిన్నది. బ్యాటరీ టెర్మినల్ మీద పచ్చగా, తెల్లగా చిలుం పట్టి 5 మిల్లీఓమ్‌ల నిరోధం ఏర్పడిందనుకోండి. మామూలు మీటరుతో ఓమ్‌లు కొలిస్తే అది సున్నాగానే కనిపిస్తుంది. కానీ డీజిల్ బండి సెల్ఫ్ 200 ఆంపియర్లు లాగినప్పుడు 200ని 0.005తో గుణిస్తే ఒక వోల్టు. ఆ వోల్టు ఆ చిలుంలోనే వేడిగా పోతుంది, సెల్ఫ్‌కు చేరదు. అందుకే ఇక్కడ ఓమ్‌లు కొలవకూడదు, కరెంటు ప్రవహిస్తుండగా వోల్టులు కొలవాలి. మీటరు ఒక మొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజిన్ లోహం మీద పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే 0.2 వోల్టు దాటకూడదు. పాజిటివ్ వైపు, బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటారు దాకా 0.5 వరకు ఒప్పుకోవచ్చు. బాడీకి, నెగటివ్‌కు మధ్య లైట్లు వేసి చూస్తే 0.1 లోపు ఉండాలి. దాటితే ఆ ఎర్త్ బోల్టు విప్పి, ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది బిగించడమే వైద్యం. పైసా ఖర్చు లేదు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు కార్లు మునిగినప్పుడు, నీళ్లు తీశాక స్టార్ట్ అయిన బండిని చూసి ఊపిరి పీల్చుకున్నవాళ్లు ఉంటారు. కార్పెట్ కింద వైర్ల మెలికల్లో, కనెక్టర్ల లోపల మిగిలిన బురద నీరు తన పని నెలల తర్వాత చూపిస్తుంది. రాగి పిన్ను పచ్చబడి, పక్క పిన్నుకు దారి కలిసి, అక్కడినుంచి లీకేజీ మొదలవుతుంది. వరదలో మునిగిన కారు కొనేవాళ్లు సీటు కింది కనెక్టర్లు విప్పి చూడకుండా కొనకూడదు. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే మాత్రం ముట్టుకోవద్దు. అవి ఎయిర్‌బ్యాగ్‌వి. బ్యాటరీ విప్పి కొన్ని నిమిషాలు ఆగాకే, అదీ తెలిసినవాళ్లే వాటి జోలికి వెళ్లాలి.

ఎలుకల సంగతి వేరే చెప్పాలి. సెల్లార్‌లో ఆపే కార్ల వైర్లను అవి కొరకడం వానాకాలంలో మరీ ఎక్కువ. అవి కొరికిన రెండు వైర్లు క్యాన్ లైన్‌వి అయితే కారు మొత్తం మూగబోతుంది. బాష్ కంపెనీ 1986లో లోకానికి పరిచయం చేసిన ఈ పద్ధతిలో కంప్యూటర్లన్నీ మెలి తిరిగిన రెండు వైర్ల మీద మాట్లాడుకుంటాయి. ఆ వైర్ల రెండు చివర్లా 120 ఓమ్‌ల చొప్పున రెసిస్టర్లు ఉంటాయి. రెండూ సమాంతరంగా కలిస్తే 60. బ్యాటరీ విప్పి, స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌లో 6వ, 14వ పిన్నుల మధ్య ఓమ్‌లు కొలిస్తే 60 రావాలి. 120 వస్తే ఒక చివర తెగింది. సున్నాకు దగ్గరైతే రెండు వైర్లూ తాకుతున్నాయి. మధ్యలో గేట్‌వే అనే కంప్యూటర్ ఉన్న కొన్ని కార్లలో ఈ సాకెట్ దగ్గర కొలిచింది లోపలి లైన్ సంగతి చెప్పదు. వాటికి వైరింగ్ బొమ్మ దగ్గర ఉండాలి.

స్కానర్ పెట్టి కోడ్లు చదివినప్పుడు యూ అక్షరంతో మొదలయ్యేవి ఈ సంభాషణ తెగిన కోడ్లు. ఉదాహరణకు యూ0100 అంటే ఇంజిన్ కంప్యూటర్‌తో మాట కలవడం లేదని. పక్కనే పీ0562 ఉంటే వోల్టేజీ తగ్గిందని. రెండూ కలిసి ఉంటే ఇంజిన్ కంప్యూటర్ మార్చాలని చెప్పేవాళ్లను ఆపండి. బ్యాటరీ డౌన్ అయిన రోజున వోల్టేజీ 8కి పడిపోయి, ఒక్కో కంప్యూటర్ ఆరిపోతూ పక్కదాని గురించి ఫిర్యాదు రాసిపెట్టి ఉండొచ్చు. ముందు బ్యాటరీ నిండుగా ఛార్జ్ చేసి, కోడ్లు చెరిపి, రెండు రోజులు నడిపి మళ్లీ చదవాలి. తిరిగి వచ్చిన కోడే అసలు కోడ్.

మనం తగిలించుకున్నవి

2019 జనవరి 1 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే ప్రజా రవాణా వాహనాలకు ఏఐఎస్-140 ప్రమాణం ప్రకారం లొకేషన్ ట్రాకర్, ఆపద బటన్ ఉండాలి. ట్రాకర్ మంచిదే. కానీ అది 40 మిల్లీఆంపియర్లు వాడితే, 30 వాడే కారు 70కి చేరింది. పండగకి ఊరెళ్లి పది రోజులు బండి ఆపిన ట్యాక్సీ డ్రైవర్‌కు అది దాదాపు 17 ఆంపియర్-అవర్ల నష్టం. డ్యాష్‌క్యామ్ పార్కింగ్ మోడ్‌లో 3 వాట్లు వాడితే 0.25 ఆంపియర్, రోజుకు 6 ఆంపియర్-అవర్లు. మూడు రోజులు సెల్లార్‌లో ఉంటే సగం బ్యాటరీ. 12.2 దగ్గర ఆగిపోయేలా కటాఫ్ పెట్టుకోగల మోడల్ తీసుకోవడం మంచిది. ఓబీడీ సాకెట్‌లో 16వ పిన్నుకు ఎప్పుడూ కరెంటు ఉంటుంది. అందులో గుచ్చి మరిచిపోయిన చిన్న బ్లూటూత్ స్కానర్ కూడా లెక్కలోకి వస్తుంది. లీకేజీ కొలిచేముందు ఇవన్నీ తీసి ఒకసారి, పెట్టి ఒకసారి కొలవాలి. తేడా మీ చేతిలో ఉన్న సమాధానం.

బ్యాటరీ విప్పాల్సి వస్తే ముందు నెగటివ్, బిగించేటప్పుడు ముందు పాజిటివ్. పాజిటివ్ ముందు విప్పుతుంటే స్పానర్ బాడీకి తగిలిందంటే నిప్పులు కురుస్తాయి. సెన్సర్ ఉన్న కార్లలో ఛార్జర్ నెగటివ్ క్లిప్పును టెర్మినల్ మీద కాకుండా బాడీ ఎర్త్ మీద పెట్టాలి, అప్పుడే లోపలికి వెళ్లిన కరెంటును సెన్సర్ లెక్కేసుకుంటుంది.

ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లు ఇవన్నీ తమకు వర్తించవనుకుంటారు. వర్తిస్తాయి. పెద్ద బ్యాటరీ వందల వోల్టులది అయినా, తలుపు లాకులు, లైట్లు, కంప్యూటర్లు నడిపేది 12 వోల్టుల చిన్న బ్యాటరీయే. పెద్ద బ్యాటరీని మోటారుకు కలిపే కాంటాక్టర్లను మూసేది కూడా అదే. అది డౌన్ అయితే పెద్దదానిలో 90 శాతం ఉన్నా కారు కదలదు. దాన్ని నింపేది ఆల్టర్నేటర్‌కు బదులు డీసీ కన్వర్టర్. 2024లో హ్యుందాయ్ ఇండియా 1,744 అయానిక్ 5 కార్లను, కియా ఇండియా 1,138 ఈవీ6 కార్లను వెనక్కి పిలిచింది ఈ పనిచేసే ఛార్జింగ్ కంట్రోల్ యూనిట్‌లో లోపం గురించే. ఆ లోపం వల్ల చిన్న బ్యాటరీ డిశ్చార్జ్ అయ్యే ప్రమాదం ఉందని కంపెనీలే చెప్పాయి. కాబట్టి ఈవీలో కూడా బండి రెడీ మోడ్‌లో ఉన్నప్పుడు చిన్న బ్యాటరీ మీద 13.5కు పైగా కనిపిస్తోందా లేదా అని మల్టీమీటర్‌తో చూడవచ్చు. కొన్ని ఈవీల్లో ఆ చిన్నది కూడా లిథియం రకమే. దానికి మామూలు లెడ్-యాసిడ్ ఛార్జర్ తగిలించకూడదు, పైన రాసిన రకం చూసి ఆ రకం ఛార్జరే వాడాలి.